తెరిచి ఉన్న ఫైలును షేర్ డ్రైవ్‌లో డిలీట్ చేస్తే: మిగిలిపోయే ఫైళ్లు, స్టేల్ హ్యాండిల్, ఒప్పుకోని విండోస్

నిల్వదారు · సోమవారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మా దగ్గర ఒక లినక్స్ సర్వర్ ఉంది. అందులోని ఒకే ఫోల్డర్‌ను రెండు దారుల్లో ఇస్తున్నాం. లెక్కలు నడిపే లినక్స్ మెషిన్లకు ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే యూనిక్స్ పద్ధతి) వెర్షన్ 3 మీద, డాక్యుమెంట్లు చూసుకునే విండోస్ మెషిన్లకు సాంబా (విండోస్ పద్ధతిలో ఫైళ్లు అందించే ప్రోగ్రామ్) మీద. పూర్తయిన ప్రాజెక్టుల ఫోల్డర్లను రాత్రిపూట ఒక క్రాన్ (నిర్ణీత సమయానికి పనులు నడిపే ఏర్పాటు) స్క్రిప్ట్ తీసేస్తుంది. అది నడిచేది లినక్స్ మెషిన్లలో ఒకదాని మీద, సర్వర్ మీద కాదు.

ఇబ్బంది మూడు రకాలుగా వస్తోంది. కొన్ని ఫోల్డర్ల దగ్గర "డైరెక్టరీ నాట్ ఎంప్టీ" అంటూ స్క్రిప్ట్ ఆగిపోతుంది. వెళ్లి చూస్తే చుక్క పెట్టి ఎన్‌ఎఫ్‌ఎస్ అని మొదలయ్యే పొడవాటి పేర్ల ఫైళ్లు మిగిలి ఉంటాయి, వాటిని మేమెవరం సృష్టించలేదు. ఇంకో రోజు వేరే మెషిన్ మీద నడుస్తున్న జాబ్ ఉన్నట్టుండి "స్టేల్ ఫైల్ హ్యాండిల్" అని ఆగిపోతుంది. ఇక విండోస్ వాళ్లు ఎవరైనా ఒక ఫైలు తీయబోతే "ఇది వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది" అని అసలు తీయనివ్వదు. కానీ మా స్క్రిప్ట్ మాత్రం వాళ్లు తెరిచి పెట్టుకున్న డాక్యుమెంట్లను కూడా అడ్డూ అదుపూ లేకుండా తీసేస్తోంది.

డిస్క్ ఒకటే, ఫైలు ఒకటే. తీసేవాళ్లు మారితే ఫలితం ఎందుకు మారుతోంది? స్క్రిప్ట్‌ను ఎలా మార్చుకోవాలి?

ఐనోడ్_బాట · సోమవారం, ఉదయం 10:25

ముందు లోకల్ డిస్క్ సంగతి చెప్పుకుంటే మిగతాది అర్థమవుతుంది. యూనిక్స్ పద్ధతిలో డిలీట్ అంటే డైరెక్టరీలోంచి పేరు కొట్టేయడమే. డేటా ఐనోడ్ (డిస్క్ మీద ఫైలుకు ఉండే అసలు రికార్డు) దగ్గర ఉంటుంది. ఏదైనా ప్రాసెస్ ఆ ఫైలును తెరిచి ఉన్నంతసేపు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) దాన్ని వదలదు. చివరి హ్యాండిల్ (తెరిచిన ఫైలు మీద ప్రోగ్రామ్‌కు ఉండే పట్టు) మూసుకున్నాకే డిస్క్ జాగా ఖాళీ అవుతుంది. ఈ హామీని నమ్ముకునే ఎన్నో ప్రోగ్రాములు టెంప్ ఫైలు తెరిచి, వెంటనే డిలీట్ చేసి, హాయిగా అందులో రాసుకుంటూ పోతాయి.

ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 2, 3లలో ఈ హామీ సర్వర్ ఇవ్వలేదు. వెర్షన్ 3ను నిర్వచించిన ఆర్‌ఎఫ్‌సీ 1813 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం (1995) చూడండి, అందులో "ఓపెన్" అనే అభ్యర్థనే లేదు. చదువు, రాయి, పేరు మార్చు, తీసెయ్ ఉన్నాయి. ఎవరు ఏ ఫైలు తెరిచి ఉన్నారో సర్వర్ గుర్తుపెట్టుకోదు. సర్వర్ పడిపోయి లేచినా క్లయింట్లు ఏమీ జరగనట్టు పని కొనసాగించగలగాలన్నదే ఆ డిజైన్ ఉద్దేశం, దానికి ఇది వెల.

అందుకని లోకల్ డిస్క్ అలవాటును క్లయింటే నటించి చూపిస్తుంది. మీ మెషిన్‌లో ఒక ప్రాసెస్ తెరిచి ఉంచిన ఫైలును అదే మెషిన్‌లో ఇంకో ప్రాసెస్ డిలీట్ చేయబోతే, క్లయింట్ కెర్నల్ ఆ డిలీట్‌ను సర్వర్‌కు పంపదు. ఫైలుకు ఆ చుక్క పేరు పెట్టి రీనేమ్ చేస్తుంది. చివరి హ్యాండిల్ మూయగానే అప్పుడు నిజంగా తీసేస్తుంది. దీన్నే సిల్లీ రీనేమ్ అంటారు. మీ మొదటి ఇబ్బంది ఇదే. స్క్రిప్ట్ ఫైళ్లన్నీ "తీసేసింది", కానీ ఒకటి పేరు మార్చుకుని అదే ఫోల్డర్‌లో కూర్చుంది. కాబట్టి ఫోల్డర్ ఖాళీ కాదు.

రెండో ఇబ్బంది దీనికి అవతలి వైపు. తెరిచింది ఒక మెషిన్, తీసింది ఇంకో మెషిన్. తీసిన మెషిన్‌కు అవతల ఎవరో తెరిచి ఉన్నారని తెలియదు కాబట్టి సిల్లీ రీనేమ్ జరగదు, డిలీట్ సూటిగా సర్వర్‌కు వెళ్తుంది. సర్వర్ నిజంగానే తీసేస్తుంది. తెరిచి ఉన్న జాబ్ తర్వాతి చదువుకో రాతకో వెళ్లగానే స్టేల్ హ్యాండిల్, అంటే అది పట్టుకున్న ఫైలు ఇక లేదనే ఎర్రర్.

చదువరి_77 · సోమవారం, ఉదయం 10:52

ఆ చుక్క పేరున్న ఫైలునే చేత్తో డిలీట్ చేస్తే పోదా? నేను చేసినప్పుడు "డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" అంది. వేరే మెషిన్ నుంచి చేస్తే పోయింది.

ఐనోడ్_బాట · సోమవారం, ఉదయం 11:10

రెండూ సహజమే. తెరిచి ఉన్న మెషిన్‌లో కెర్నల్‌కు అది తను పేరు మార్చి దాచిన ఫైలని తెలుసు కాబట్టి బిజీ అంటుంది. వేరే మెషిన్‌కు అది మామూలు ఫైలు. అక్కడి నుంచి తీసేస్తే, లేదా సర్వర్‌లోనే నేరుగా తీసేస్తే పోతుంది, దాంతోపాటు దాన్ని పట్టుకున్న ప్రాసెస్‌కు స్టేల్ హ్యాండిల్ కూడా వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ పేరు కనబడిందంటే ఎవరో ఇంకా వాడుతున్నారని అర్థం. చెత్త అనుకుని ఊడ్చేస్తే ఎవరివో లెక్కలు మధ్యలో తెగిపోతాయి.

పట్టుకున్నది ఎవరో తెలుసుకోవాలంటే క్లయింట్ మెషిన్‌లో ఎల్‌సాఫ్ గానీ ఫ్యూజర్ గానీ (ఏ ప్రాసెస్ ఏ ఫైలు తెరిచిందో చెప్పే కమాండ్లు) నడపాలి. సర్వర్‌లో ఎల్‌సాఫ్ నడిపితే వెర్షన్ 3 క్లయింట్ల జాడ కనబడదు, ఎందుకంటే సర్వర్ దృష్టిలో ఆ ఫైలును ఎవరూ "తెరిచి" లేరు. క్లయింట్లు చాలా ఉంటే ఒక్కోదానిలో వెతకాల్సిందే, దగ్గరి దారి లేదు.

క్లయింట్ మధ్యలో కుప్పకూలితే మాత్రం ఆ ఫైళ్లు అనాథలుగా మిగిలిపోతాయి, తీసేవాళ్లు ఉండరు. సోలారిస్ అనే యూనిక్స్‌లో ఇందుకోసమే ఎన్‌ఎఫ్‌ఎస్‌ఫైండ్ అనే స్క్రిప్ట్ ఉండేది. ఏడు రోజులు దాటిన అలాంటి ఫైళ్లను క్రాన్ ద్వారా ఏరి తీసేసేది. మీరూ అలాంటిది పెట్టుకోవచ్చు, కానీ మీ దగ్గర వారాల తరబడి నడిచే జాబ్‌లు ఉంటే గడువు దానికి తగ్గట్టు పెంచండి. తెరిచి పెట్టుకుని రాయకుండా కేవలం చదువుతున్న ఫైలుకు మార్పు తేదీ కదలదు. తేదీ పాతదైనంత మాత్రాన ఎవరూ వాడట్లేదని కాదు.

సాంబా_కాపరి · సోమవారం, మధ్యాహ్నం 12:30

మూడో ఇబ్బంది గురించి నేను చెబుతాను. విండోస్ సంప్రదాయం పూర్తిగా వేరు. అక్కడ ఫైలు తెరిచేటప్పుడే ప్రోగ్రామ్ "నేను తెరిచి ఉండగా ఇతరులు చదవొచ్చా, రాయొచ్చా, తీసేయొచ్చా" అని మూడు అనుమతులు ప్రకటిస్తుంది. వీటినే షేర్ మోడ్‌లు అంటారు. తీసేయడానికి అనుమతి ఇవ్వకుండా తెరిచిన ఫైలును ఇంకొకరు డిలీట్ చేయబోతే షేరింగ్ వయొలేషన్ వస్తుంది, ఎర్రర్ నంబర్ 32. విండోస్ ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్‌ఎంబీ ప్రోటోకాల్ (సాంబా వాడేదీ ఇదే) ఈ షేర్ మోడ్‌లను ఉన్నదున్నట్టు సర్వర్‌కు చేరవేస్తుంది. అందుకే ఎస్‌ఎంబీ సర్వర్‌కు ఎవరు ఏం తెరిచారో పక్కాగా తెలుసు.

తీసేయడానికి అనుమతి ఇచ్చి తెరిచినా యూనిక్స్‌లా జరగదు. ఫైలుకు డిలీట్ పెండింగ్ అనే స్థితి వస్తుంది. పేరు అక్కడే కనబడుతుంది, కానీ కొత్తగా ఎవరు తెరవబోయినా కుదరదు. అదే పేరుతో కొత్త ఫైలు సృష్టించడమూ కుదరదు. చివరి హ్యాండిల్ మూసుకున్నాకే పేరు మాయమవుతుంది. చాలామంది "డిలీట్ చేశాను, పోయింది, రిఫ్రెష్ చేస్తే మళ్లీ వచ్చింది, తెరిస్తే యాక్సెస్ డినైడ్" అంటారే, అది ఇదే. విండోస్ 10లోని తర్వాతి వెర్షన్లలో ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ సొంత ఫైల్ సిస్టమ్) మీద పేరు వెంటనే పోయే పోసిక్స్ తరహా, అంటే యూనిక్స్ తరహా డిలీట్ వచ్చింది. కానీ అది లోకల్ డిస్క్ మీద. షేర్ డ్రైవ్ దగ్గర పాత ప్రవర్తనే ఉంటుందనుకుని ప్రోగ్రాములు రాసుకోండి.

నిల్వదారు గారు, మీ స్క్రిప్ట్ అడ్డూ అదుపూ లేకుండా తీసేయడానికి కారణం సూటిగా ఉంది. సాంబా ఆ షేర్ మోడ్‌లను తన సొంత డేటాబేస్‌లో, అంటే లాకింగ్ టీడీబీ అనే ఫైలులో దాచుకుంటుంది. సాంబా ద్వారా వచ్చేవాళ్లందరికీ అది వర్తిస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా వచ్చేవాళ్లు, సర్వర్‌లోనే నడిచే ప్రాసెస్‌లు ఆ పుస్తకం తెరిచి చూడరు. కెర్నల్‌కు అసలు ఆ నియమమే తెలియదు. రెండు ప్రోటోకాల్‌ల మీద ఒకే ఫోల్డర్‌ను ఇచ్చే చోట ఎవరి తాళం వాళ్లదే.

రాత్రి_డ్యూటీ · సోమవారం, మధ్యాహ్నం 1:15

ఇంత అవసరమా అండీ? మా దగ్గరైతే తీయాల్సింది తీయకపోతే ఎస్‌ఎంబీ సర్వీస్ రీస్టార్ట్ చేసి వెంటనే డిలీట్ కొడతాం. విండోస్ సర్వర్ అయితే కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్, ఓపెన్ ఫైల్స్ దగ్గరకెళ్లి అన్నీ క్లోజ్ చేస్తాం. అర నిమిషం పని.

సాంబా_కాపరి · సోమవారం, మధ్యాహ్నం 1:50

సర్వీస్ రీస్టార్ట్ చేస్తే ఆ ఒక్క ఫైలు కాదు, అందరి ఫైళ్లూ తెగిపోతాయి. అందులో సేవ్ చేయని పని ఎంతుందో మీకు కనబడదు. బలవంతంగా మూసినప్పుడు అవతలి ప్రోగ్రామ్‌కు కబురు వెళ్లదు. తర్వాత ఎప్పుడో రాయబోయినప్పుడు దానికి ఎర్రర్ తగులుతుంది. కొన్ని ప్రోగ్రాములు దాన్ని చక్కగా చెబుతాయి, కొన్ని సగం రాసిన ఫైలుతో వదిలేస్తాయి. డేటాబేస్ ఫైలైతే పాడైపోయే ప్రమాదమే ఎక్కువ.

కనీసం ఎవరి పని తెంచుతున్నామో చూసి తెంచాలి. విండోస్ సర్వర్ 2012 నుంచి పవర్‌షెల్‌లో గెట్-ఎస్‌ఎంబీఓపెన్‌ఫైల్ ఉంది. ఫైలు దారి, యూజర్, ఏ మెషిన్ నుంచి తెరిచారు అన్నీ చెబుతుంది. ఆ మనిషికి చెప్పి, వాళ్లు సేవ్ చేశాక, అప్పటికీ హ్యాండిల్ మిగిలితే క్లోజ్-ఎస్‌ఎంబీఓపెన్‌ఫైల్‌తో ఆ ఒక్కటే మూయండి. సాంబాలో ఎస్‌ఎంబీస్టేటస్ నడిపితే తెరిచిన ఫైళ్ల జాబితా, ప్రాసెస్ నంబర్లతో సహా వస్తుంది.

రాత్రి_డ్యూటీ · సోమవారం, మధ్యాహ్నం 2:05

సరే, ఒప్పుకుంటాను. కానీ యూజర్ "నేను ఎప్పుడో మూసేశాను" అంటాడు, లిస్ట్‌లో మాత్రం అతని పేరే ఉంటుంది. అప్పుడు?

సాంబా_కాపరి · సోమవారం, మధ్యాహ్నం 2:40

యూజర్ చెప్పేది చాలాసార్లు నిజమే అవుతుంది. ఎస్‌ఎంబీ 2.1 నుంచి లీజ్‌లు (ఫైలును తన దగ్గర అట్టిపెట్టుకోవడానికి సర్వర్ క్లయింట్‌కు ఇచ్చే తాత్కాలిక అనుమతులు) వచ్చాయి. అందులో హ్యాండిల్ క్యాషింగ్ అని ఒకటి ఉంది. అప్లికేషన్ ఫైలు మూసినా, మళ్లీ తెరుస్తుందేమోనని క్లయింట్ కాసేపు హ్యాండిల్‌ను సర్వర్ దగ్గర అలాగే అట్టిపెట్టుకుంటుంది. ఇంకొకరు వచ్చి ఇబ్బంది పడితే సర్వర్ ఆ లీజ్‌ను వెనక్కి అడుగుతుంది, క్లయింట్ వదిలేస్తుంది. కాబట్టి జాబితాలో ఉన్నంత మాత్రాన అది నిజమైన అడ్డంకి కాకపోవచ్చు. డిలీట్ ప్రయత్నించాక కూడా ఉంటేనే అడ్డంకి.

ఇక ఫైలు ఎవరూ తెరవకపోయినా ఫోల్డర్ పోకపోతే మొదట థంబ్స్ డీబీ చూడండి. ఎక్స్‌ప్లోరర్ షేర్ ఫోల్డర్‌లో బొమ్మల చిన్న నమూనాల కోసం ఆ దాచిన ఫైలు రాస్తుంది, పట్టుకుని కూర్చుంటుంది. నెట్‌వర్క్ ఫోల్డర్లలో దాన్ని ఆపే గ్రూప్ పాలసీ ఉంది. ప్రివ్యూ పేన్ కూడా ఇలాగే ఫైళ్లు పట్టుకుంటుంది. ఎవరైనా టెర్మినల్‌లో ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి అలాగే వదిలేసినా అదే గతి.

ఫైలు పేరు ముందు టిల్డా, డాలర్ గుర్తులతో ఉండేవి వర్డ్, ఎక్సెల్ సృష్టించే ఓనర్ ఫైళ్లు. "ఇది ఫలానావారు తెరిచారు" అని చెప్పేది అవే. ప్రోగ్రామ్ కుప్పకూలితే ఆ చిన్న ఫైలు మిగిలిపోయి, ఎవరూ లేకున్నా ఉన్నట్టు చూపిస్తుంది. దాన్ని తీసేముందు సర్వర్ జాబితాలో అసలు ఫైలు లేదని నిర్ధారించుకోండి.

నిల్వదారు · సోమవారం, సాయంత్రం 4:20

క్లయింట్లలో ఎల్‌సాఫ్ నడిపాను. చుక్క పేర్ల ఫైళ్లను పట్టుకున్నవి ఎక్కువగా లాగ్ రాసే ప్రాసెస్‌లే. జాబ్ అయిపోయినా లాగ్ హ్యాండిల్ మూయకుండా నేపథ్యంలో బతికి ఉన్నాయి. వాటిని సరిచేయిస్తాం.

స్క్రిప్ట్‌ను సర్వర్ మీదకే మార్చేస్తే సరిపోతుందా?

ఐనోడ్_బాట · సోమవారం, సాయంత్రం 5:05

"డైరెక్టరీ నాట్ ఎంప్టీ" పోతుంది, దాని బదులు ప్రతిచోటా స్టేల్ హ్యాండిల్ వస్తుంది. సర్వర్‌లో డిలీట్ అంటే ఏ క్లయింట్‌కూ సిల్లీ రీనేమ్ రక్షణ ఉండదు. నా మాట వింటే అసలు డిలీట్‌తో మొదలుపెట్టకండి, రీనేమ్‌తో మొదలుపెట్టండి. నేను మళ్లీ మళ్లీ ఇదే చెబుతాను, ఎందుకంటే షేర్ డ్రైవ్ మీద పేరు తీసేయడం, డేటా తీసేయడం రెండు వేర్వేరు రోజుల్లో జరగాల్సిన పనులు.

స్క్రిప్ట్ సర్వర్ మీదే నడవనివ్వండి. పాత ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను అదే ఫైల్ సిస్టమ్‌లో, ఎక్స్‌పోర్ట్ (ఎన్‌ఎఫ్‌ఎస్ మీద పంచిన ఫోల్డర్) లోపలే ఉన్న ఒక "తొలగింపు" ఫోల్డర్‌లోకి రీనేమ్ చేయండి. ఒకే ఫైల్ సిస్టమ్ అయితే ఇది కాపీ కాదు, క్షణంలో అయిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైల్ హ్యాండిల్ సాధారణంగా ఐనోడ్‌ను చూస్తుంది, దారిని కాదు. కాబట్టి తెరిచి ఉన్న జాబ్ రాసుకుంటూనే పోతుంది. కొత్తగా ఎవరికీ పాత చోట అది కనబడదు. ఎవరైనా అరిస్తే వెనక్కి రీనేమ్ చేస్తే చాలు. ఎవరూ అడగకపోతే గడువు దాటాక నిజంగా తీసేయండి.

ఒక షరతు. ఎక్స్‌పోర్ట్‌లో సబ్‌ట్రీ చెక్ (అడిగిన ఫైలు పంచిన ఫోల్డర్ లోపలే ఉందా అని చూసే తనిఖీ) ఆన్ చేసి ఉంటే, తెరిచి ఉన్న ఫైళ్లను ఇలా జరిపినప్పుడు క్లయింట్లకు ఇబ్బందులొస్తాయి. మాన్యువల్‌లోనే ఈ హెచ్చరిక ఉంది. ఎన్‌ఎఫ్‌ఎస్ యుటిల్స్ 1.1.0 నుంచి డీఫాల్ట్‌గా అది ఆఫ్, కానీ పాత ఎక్స్‌పోర్ట్స్ ఫైలు ఎవరో రాసి పెట్టి ఉంటే ఒకసారి చూసుకోండి.

సాంబా_కాపరి · సోమవారం, సాయంత్రం 5:30

దీనికి విండోస్ వైపు నుంచి ఒక సవరణ. సర్వర్ మీద ఫోల్డర్‌ను జరిపితే, తెరిచి ఉన్న డాక్యుమెంట్ హ్యాండిల్ సాంబా ప్రాసెస్ దగ్గర భద్రంగానే ఉంటుంది. కానీ వర్డ్ లాంటివి సేవ్ చేసేటప్పుడు పాత ఫైలు మీదే రాయవు. పక్కన టెంప్ ఫైలు రాసి పేర్లు మారుస్తాయి. అందుకు పాత దారి కావాలి, అది ఇక లేదు. సేవ్ విఫలమవుతుంది. పని పోదు, సేవ్ యాజ్ కొట్టి వేరే చోట దాచుకోవచ్చు, కానీ మనిషి కంగారు పడతాడు. అందుకని రీనేమ్‌కు ముందు స్క్రిప్ట్ ఎస్‌ఎంబీస్టేటస్ జాబితా చదివి, ఆ ఫోల్డర్ కింద ఏదైనా తెరిచి ఉంటే ఆ రాత్రికి వదిలేయాలి. మర్నాడు మళ్లీ చూస్తుంది.

విండోస్ యూజర్లు తీసే ఫైళ్లకు వీఎఫ్‌ఎస్ రీసైకిల్ మాడ్యూల్ పెట్టండి. మ్యాప్ చేసిన డ్రైవ్‌లో డిలీట్ కొడితే అది మెషిన్ రీసైకిల్ బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది. ఆ మాడ్యూల్ ఉంటే సాంబా దాన్ని మీరు చెప్పిన ఫోల్డర్‌లోకి జరుపుతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా తీసినవాటిని మాత్రం అది పట్టుకోలేదు.

కోడ్_కూర్పరి · సోమవారం, రాత్రి 8:15

ప్రోగ్రాములు రాసేవాళ్లు చేయాల్సింది కూడా ఉంది, అన్నీ అడ్మిన్ల మీద వేయడం న్యాయం కాదు.

విండోస్‌లో పైథాన్ మామూలు ఓపెన్‌తో ఫైలు తెరిస్తే తీసేయడానికి అనుమతి ఇవ్వదు. జావాలో పాత ఫైల్ఇన్‌పుట్‌స్ట్రీమ్ కూడా అంతే. కొత్త ఎన్‌ఐఓ దారిలో తెరిస్తే అనుమతి ఇస్తుంది. డాట్‌నెట్‌లో ఫైల్‌షేర్ డిలీట్ అని మనమే రాయాలి. చదివి వదిలేసే ప్రోగ్రామ్ అయితే ఆ అనుమతి ఇవ్వడం మంచిది, మిగతావాళ్ల దారికి అడ్డం రాదు.

మరొకటి, షేర్ మీద ఉన్న ప్రోగ్రామ్ ఫైలునే నేరుగా నడపడం. లినక్స్‌లో ప్రోగ్రామ్ కోడ్ అంతా ఒకేసారి మెమరీలోకి రాదు, అవసరమైనప్పుడు పేజీలుగా వస్తుంది. ఈలోగా ఇంకో మెషిన్ నుంచి ఎవరో ఆ ఫైలు తీసేసి కొత్త వెర్షన్ పెడితే, తర్వాతి పేజీ అడిగినప్పుడు పాత ఫైలు సర్వర్ దగ్గర ఉండదు. బస్ ఎర్రర్‌తో పడిపోతుంది. మెమరీ మ్యాప్ చేసుకున్న డేటా ఫైళ్లకూ ఇదే. పాత పేరు మీద కొత్తది రీనేమ్ చేసినా తప్పించుకోలేం, ఎందుకంటే ఆ రీనేమ్ లోపల పాత ఫైలు తొలగింపు దాగి ఉంది. ప్రతి వెర్షన్‌కూ వేరే ఫోల్డర్ పెట్టి, ఏది ప్రస్తుతమో చెప్పే సింబాలిక్ లింక్‌ను మాత్రమే మార్చండి. పాత ఫోల్డర్ దాన్ని వాడుతున్న జాబ్‌లు ముగిసేదాకా ఉండాలి.

చదువరి_77 · సోమవారం, రాత్రి 8:40

ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 4కి మారితే ఇదంతా పోదా? అందులో సర్వర్‌కు ఓపెన్ తెలుసు కదా.

ఐనోడ్_బాట · సోమవారం, రాత్రి 9:20

తెలుసు, అది పెద్ద మెరుగుదలే. ఎవరు తెరిచారో సర్వర్‌లోనే చూడొచ్చు. లినక్స్ కెర్నల్ 5.3 నుంచి ప్రాక్ (కెర్నల్ తన స్థితిని ఫైళ్లుగా చూపే ఫోల్డర్) కింద ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ క్లయింట్ల ఫోల్డర్‌లో ఒక్కో క్లయింట్‌కు స్టేట్స్ అనే ఫైలు ఉంటుంది, తెరిచినవన్నీ అందులో కనబడతాయి. మీ స్క్రిప్ట్ దాన్ని కూడా చదవొచ్చు. కానీ డిలీట్ ప్రవర్తన దానంతటది మారదు. 4.1 నిర్వచనంలో, అంటే 2010 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5661లో, "తెరిచి ఉన్న ఫైలును తీసినా నేను అట్టిపెడతాను" అని సర్వర్ చెప్పే ఒక జెండా ఉంది. సర్వర్ ఆ జెండా పంపితేనే క్లయింట్ సిల్లీ రీనేమ్ మానుకోగలదు. లేకపోతే వెర్షన్ 4లోనూ ఆ చుక్క పేర్లు వస్తూనే ఉంటాయి.

ఆపిల్_బల్ల · సోమవారం, రాత్రి 9:45

మ్యాక్ వాళ్లున్నచోట చుక్క పెట్టి ఎస్‌ఎంబీడిలీట్ అని మొదలయ్యే ఫైళ్లు కూడా కనబడతాయి, అదీ ఇదే కథ. ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ (ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వేరే మెషిన్ ఫోల్డర్‌ను జోడించే ప్రోగ్రామ్) వాడేచోట ఫ్యూజ్ హిడెన్ అని వస్తాయి. స్క్రిప్ట్‌లో ఈ మూడు పేర్లనూ "చేయి పెట్టకు" జాబితాలో చేర్చుకోండి.

రాత్రి_డ్యూటీ · మంగళవారం, ఉదయం 7:30

నాకు ఒకటి చెప్పండి. పొరపాటున ఫైలు పోయింది, స్నాప్‌షాట్ (డిస్క్ పాత స్థితి నకలు) లేదు, కానీ ఎవరో దాన్ని ఇంకా తెరిచే ఉన్నారు. రక్షించుకునే దారి ఉందా?

ఐనోడ్_బాట · మంగళవారం, ఉదయం 8:00

ఉంది, కానీ ఎవరూ ఏదీ మూయకముందే చేయాలి. తెరిచిన మెషిన్, తీసిన మెషిన్ ఒకటే అయి ఎన్‌ఎఫ్‌ఎస్ వాడుతుంటే ఆ చుక్క పేరు ఫైలే మీ డేటా. దాన్ని వేరే పేరుతో కాపీ చేయండి. వేరే ఎన్‌ఎఫ్‌ఎస్ మెషిన్ నుంచి తీసి ఉంటే వెర్షన్ 3లో ఆశ లేదు.

సాంబా యూజర్ తెరిచి ఉండగా ఎన్‌ఎఫ్‌ఎస్ నుంచో సర్వర్ నుంచో తీసి ఉంటే, సర్వర్‌లోని సాంబా ప్రాసెస్ ఆ ఐనోడ్‌ను ఇంకా పట్టుకునే ఉంటుంది. ఎల్‌సాఫ్‌ను లింకుల సంఖ్య ఒకటి కంటే తక్కువ ఉన్నవి మాత్రమే చూపమని అడగండి. తీసేసినా తెరిచి ఉన్న ఫైళ్లు ప్రాసెస్ నంబర్, హ్యాండిల్ నంబర్‌తో వస్తాయి. ప్రాక్ కింద ఆ ప్రాసెస్ ఎఫ్‌డీ ఫోల్డర్‌లో ఆ నంబర్ ఉన్న ఎంట్రీని మామూలు ఫైలులా కాపీ చేసుకోవచ్చు. సర్వర్‌లో ఈ కాపీ పూర్తయి, తెరిచి చూసుకునేదాకా ఆ యూజర్‌ను విండో మూయొద్దని ఫోన్ చేసి చెప్పండి. సాంబా సర్వీస్‌ను ఎవరూ రీస్టార్ట్ చేయకుండా చూసుకోండి.